ముడి వెయ్యని తువ్వాలు

కిందటి వారం జెర్లిన్‌ని మనం ఆశ్రమం వంటగది గుమ్మంలో వదిలేసి వచ్చాం, చేతిలో వేడి వేడి అరోజ్ కాల్దో గిన్నెతో. అల్లం వేసి, కోడిమాంసం వేసి కాచిన ఆ అన్నపు జావని లోలా తికాయ్‌కి పట్టుకెళ్తుంటే నర్సింగ్ నేర్పే మేడమ్ సియా ఎదురొచ్చింది. "గిన్నె తీసుకుని నాతో బట్టల గదికి రా" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే జెర్లిన్‌కి అంత భయం వేసేది కాదు, ఎందుకంటే మేడమ్ సియా కోప్పడితే ఐదు నిమిషాల్లో మర్చిపోతుందని కాలేజీ అంతటికీ తెలుసు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. జెర్లిన్ నోబ్లెజా నర్సింగ్ ఆఖరి ఏడు చదువుతోంది. ముసలివాళ్ల సంరక్షణే తన వృత్తి అనుకుని ఆ శిక్షణలో చేరింది. ఎనిమిది వారాలు ఇలోయిలో ఊళ్లో ఈ సిస్టర్ల ఆశ్రమంలో పనిచెయ్యాలి, ఒక్కో విద్యార్థికి ఒక్కో పెద్దమనిషి. జెర్లిన్‌కి వచ్చింది లోలా తికాయ్. అవ్వలని మేం లోలా అంటాం, తాతల్ని లోలో. మియాగావ్‌లో అరవై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. జనవరిలో పక్షవాతం వచ్చి పడిపోయింది. కుడిచెయ్యి బలహీనపడింది, పడ్డప్పుడు ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ ఎడమచెయ్యి కర్ర పట్టుకోవడానికి తప్ప నోటిదాకా తిరగదు. తినాలంటే కుడిచెయ్యే దిక్కు.

ఇవాళ మంగళవారం. శుక్రవారం పొద్దున డాక్టరు వచ్చి లోలాని పరీక్ష చేస్తాడు. తన భోజనం తను తినగలిగితే ఇంటికి పంపేస్తారు. ఆవిడ మేనకోడలు పగలంతా మగ్గాల షెడ్డులో పనిచేస్తుంది, ఇంట్లో పక్కన కూర్చుని తినిపించే మనిషి లేదు. తినలేకపోతే ఆశ్రమం పై అంతస్తుకి మారుస్తారు. పై అంతస్తుకి లిఫ్టు ఉంది. అందులో ఎక్కినవాళ్లని చాలామందిని చూశాం, దిగినవాళ్లని చూసిన గుర్తు ఎవరికీ లేదు.

బట్టల గదిలో గంజి వాసన, ఇస్త్రీ వాసన. నాలుగు పక్కలా మడతపెట్టిన దుప్పట్లు. మేడమ్ సియా తలుపు దగ్గరగా వేసి, చంకలో ఉన్న అట్ట తీసి జెర్లిన్ చేతికిచ్చింది. లోలా తికాయ్ రోజువారీ కాగితాలవి.

"మొదటి వారం చదువు."

జెర్లిన్ చదివింది. "'కుడిచేత్తో చెంచా పట్టుకున్నారు. పదకొండు చెంచాలు తనే తిన్నారు. మిగతాది సాయం చేశాను.'"

"రాసిందెవరు?"

"నేనే మేడమ్."

"మూడో వారం."

"'నాలుగు చెంచాలు తనే తిన్నారు.'"

"ఈ వారం."

జెర్లిన్ చదవలేదు. చదవక్కర్లేదు, నిన్న రాసిందే. ఆ గడిలో సున్నా చుట్టి, పక్కన ముద్దుగా 'భోజనం పూర్తిగా తిన్నారు, సంతోషంగా ఉన్నారు' అని రాసింది తనే. ఆరు వారాలుగా రోజూ రాస్తూనే ఉంది. ఏ రోజుకారోజు రాసి పడేసిందే తప్ప, వరసగా పెట్టి ఒక్కసారీ చూసుకోలేదు.

"జబ్బు ముదిరిందేమో మేడమ్," అంది చిన్నగా.

"నేనూ అదే అనుకుని డాక్టరుకి ఫోన్ చేశాను. ముదరలేదట. మాట బాగయింది. కాలు బాగయింది, కర్రతో బాత్రూముకి తనే వెళ్తోంది. చెయ్యొక్కటే పాడైంది. కాలెందుకు బాగుపడిందో తెలుసా? ఆవిణ్ణి ఎత్తుకుని తిప్పే బలం నీకు లేదు గనక."

జెర్లిన్‌కి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాటకి అర్థం తెలిసి తల తీసేసినట్టయింది.

అసలు ఈ పిల్ల నోట్లో నాలుక లేనిది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం ఎరగదు. కానీ ఆరు వారాల చాకిరీ అది, ఊరుకోలేకపోయింది. "నేనేం తప్పు చేశాను మేడమ్? ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. ఒక్క మెతుకు ఆవిడ బట్టల మీద పడనివ్వలేదు. జావ చల్లారితే మళ్లీ వేడి చేయించుకొచ్చాను. సిస్టర్లందరూ నన్ను..."

"నిన్ను చూపించి మిగతావాళ్లని తిడతారు. నాకు తెలుసు. 'జెర్లిన్‌ని చూడండి, లోలాని పువ్వుల్లో పెట్టి చూసుకుంటోంది' అంటారు. నిజమే. చూసుకున్నావు."

మేడమ్ సియా అట్ట వెనక్కి తీసుకుంది.

న్యాయంగా మాట్లాడాలంటే, జెర్లిన్‌ని ఒక్కదాన్నే అనడానికి లేదు. మా వైపు పెంపకమే అంత. పెద్దావిడ మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపుతుంటే పడుచుపిల్ల పక్కన నిలబడి చూసిందంటే, ఆ మాట సాయంత్రానికి వీధంతా పాకుతుంది. 'ఎవరి కూతురది?' అని ఆరా తీస్తారు. జెర్లిన్ తొమ్మిదేళ్లప్పుడే ముత్తవ్వకి అన్నం కలిపి నోట్లో పెట్టింది. చుట్టాలందరూ బుగ్గలు పుణికారు. ఈ వృత్తిలోకి వచ్చింది కూడా ఆ మెప్పు పట్టుకునే. ముసలివాళ్లకి చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకుని వచ్చింది పాపం.

లోలా తికాయ్ కూడా మొదటిరోజే ఈ పిల్ల రొమ్ముమీద పేరు బిళ్ల చదివి, "నోబ్లెజానా? 'న'తో మొదలయ్యే ఇంటిపేరు. అయితే మా ఊరిదానివే" అంది. మియాగావ్‌లో ఒక్కో పేటలో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, అది చాలు చుట్టరికం కలుపుకోవడానికి. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరికొకరు అతుక్కుపోయారు.

"కూర్చో," అంది మేడమ్ సియా, చేతుల కుర్చీ ఒకటి లాగి. "నీకు పక్షవాతం వచ్చింది."

"మేడమ్?"

"కుడిచెయ్యి పడిపోయింది. కూర్చో."

జెర్లిన్ కూర్చుంది. మేడమ్ సియా ఒక తువ్వాలు తీసి, జెర్లిన్ కుడిచేతినీ కుర్చీ చేతినీ కలిపి రెండు చుట్లు చుట్టింది. ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకోమంది. తర్వాత స్టూలు మీద ఎదురుగా కూర్చుని, ఆ అరోజ్ కాల్దో గిన్నె అందుకుని, అచ్చం జెర్లిన్ గొంతుతో మొదలుపెట్టింది.

"ఆఁ, ఒక్క చెంచా లోలా. మా బంగారం కదూ. ఇదుగో, ఇంకొక్కటి."

మేడమ్ సియాకి యాభై ఎనిమిదేళ్లు, పొట్టి మనిషి, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంటుంది. ఎక్కడో మంచు దేశంలో వృద్ధాశ్రమాల్లో పందొమ్మిదేళ్లు పనిచేసి, ఇక్కడి పిల్లలకి నేర్పుదామని తిరిగొచ్చింది. ఆవిడ ఇంత ముద్దుగా మాట్లాడగలదని జెర్లిన్‌కి తెలియదు. అది తన ముద్దే అని తెలిసి ఇబ్బంది పడింది.

మొదటి నాలుగు చెంచాలూ బానే ఉంది. ఐదోది మింగేలోపు ఆరోది పెదవుల ముందుకొచ్చి నిలబడింది. అల్లం ముక్క ఒకటి పంటికింద పడింది, ఉమ్మేద్దామంటే చెంచా అడ్డం. మింగలేక కక్కలేక మింగేసింది. కాసేపటికి ఎదుటి మనిషి మొహం చూడడం మానేసి చెంచానే చూస్తోంది. ఇంకొంచెం సేపటికి చూడడం కూడా మానేసింది. నోరు దానంతటదే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పెదవి పక్కన జావ కారింది. మేడమ్ సియా చెంచా అంచుతో సుతారంగా గీసి మళ్లీ నోట్లో పెట్టేసింది. అలా గీసి పెట్టడం కూడా జెర్లిన్ పద్ధతే. ఒక్క మెతుకు బట్టల మీద పడకపోవడం వెనకున్న కిటుకు అది. ఆ గీయించుకోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది, బాగాలేదు.

గిన్నె ఖాళీ అయింది.

"సరే, చెయ్యి తీసుకో," అంది మేడమ్ సియా.

"విప్పండి మేడమ్."

"నువ్వే తీసుకో."

జెర్లిన్ చెయ్యి లాగింది. తువ్వాలు జారి నేలమీద పడింది. దానికి ముడి లేదు.

"నేను ముడి వెయ్యలేదు," అంది మేడమ్ సియా తువ్వాలు తీసి మడతపెడుతూ. "చుట్టానంతే. ఎంతసేపయింది?"

జెర్లిన్ రొమ్ముమీద తలకిందులుగా వేలాడే గడియారం చూసుకుంది. "ఆరు నిమిషాలు."

"మధ్యలో ఒక్కసారైనా చెయ్యి కదిపి చూడాలనిపించిందా?"

లేదు. అనిపించలేదు. చెయ్యి ఉందన్న సంగతే గుర్తులేదు. జెర్లిన్ తల అడ్డంగా ఊపింది.

"నీకు ఇరవై ఒక్కేళ్లు. ఆరు నిమిషాల్లో మర్చిపోయావు. ఆవిడకి ఎనభై ఒకటి. ఆరు వారాలు. ఆవిడ కుర్చీకి కుడిపక్కన పిలుపు గంట వేలాడుతుంటుందే, దాని బొత్తం చూశావా ఎప్పుడైనా? దుమ్ము పట్టింది. పక్క కుర్చీల్లో వాళ్లవి నొక్కి నొక్కి అరిగిపోయాయి. ఆవిడకి నొక్కాల్సిన అవసరం నువ్వు రానిచ్చావా?"

జెర్లిన్ ఏడుస్తోంది. మేడమ్ సియా ఓదార్చలేదు, వెళ్లమనీ అనలేదు. దుప్పట్ల దొంతర మీద చెయ్యి ఆనించి నిలబడి, తనకీ ఇలాగే అయిందని చెప్పింది. ఆ మంచు దేశంలో చేరిన కొత్తలో ఒక ముసలాయనకి చొక్కా బొత్తాలు పెడుతుంటే చేతిమీద ఫట్టుమని కొట్టాడట. 'నీకు తొందరైతే బయట నిలబడు' అన్నాడట. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది. ఒక్క చొక్కాకి ఇరవై నిమిషాలు పట్టింది ఆయనకి. "ఆ ఇరవై నిమిషాలు నేను పడ్డ అవస్థ నా రెండు కాన్పుల్లో పడలేదు," అంది. "మన పిల్లలంటే అక్కడ ఎందుకు కళ్లకద్దుకుంటారు? నోరు తీపి, చెయ్యి చురుకు. కానీ ఆ చురుకే ముసలివాళ్ల చేతులు తినేస్తుందని ఎవరూ చెప్పరు. నాకా ముసలాయన దెబ్బ కొట్టి చెప్పాడు."

"ఇప్పుడేం చెయ్యను మేడమ్? మూడు రోజులే ఉంది."

"ఇంకో గిన్నె తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టు. నీ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చో. అంతకంటే పెద్ద వైద్యం నాకు తెలియదు."

భోజనాల వరండాలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. లోలా తికాయ్ కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. తెల్ల జుట్టు జెర్లిన్ పొద్దున వేసిన ముడిలోనే ఉంది. నడుముకి తను నేసుకున్న గళ్ల పటాద్యోంగ్ లుంగీ కట్టుకుంది. వయసులో ఉన్నప్పుడు నేసింది, ఇంకా రంగు పోలేదు. జెర్లిన్‌ని చూడగానే మొహం విప్పారింది.

"ఇవాళ ఆలస్యమైందేం ఇందాయ్, నా తల్లీ? నీకోసం ఆకలి ఆపుకుని కూర్చున్నా."

జెర్లిన్ గిన్నె పెట్టింది. పిడికి గుడ్డ చుట్టి లావు చేసిన చెంచాని లోలా కుడిచేతి దగ్గరగా జరిపింది. పక్క స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

లోలా నోరు తెరిచింది.

జెర్లిన్ కదల్లేదు. లోలా నోరు తెరిచే ఉంచి ఒక్క క్షణం చూసి, మూసేసింది. "ఏమైంది?"

"మీరు తినండి లోలా. చెంచా ఇక్కడే ఉంది."

"నేనా?"

"మొదటి వారం మీరే తిన్నారు కదా. పదకొండు చెంచాలు."

లోలా చెంచా వంక చూసింది, జెర్లిన్ వంక చూసింది. "నామీద కోపం వచ్చిందా? పొద్దున జుట్టు గట్టిగా లాగావని విసుక్కున్నాననా?"

"అయ్యో, కోపం కాదు లోలా."

"మరి చేతులు దాచుకున్నావేం, నేనేదో లాక్కుపోతానన్నట్టు?"

పక్క బల్ల దగ్గర లోలో అంబో అప్పుడే తన గిన్నె ఊడ్చేసి చెంచా నాకుతున్నాడు. నలభై ఏళ్లు జీప్నీ బండిలో జనాన్ని ఎక్కించుకుని నడిపిన మనిషి. ఆయన్ని దోరెన్ అనే అమ్మాయికి అప్పగించారు. దోరెన్‌కి లోకంలో ఫోను తప్ప ఇంకోటి పట్టదు. గిన్నె ఆయన ముందు పడేసి, ఫోనులో తల దూర్చి, ఆయన తిన్నాడో లేదో కూడా చూడదు. రెండు వారాల కిందట ఆయన చెప్పులు తొడుక్కోవడానికి పావుగంట కిందామీదా పడుతుంటే దోరెన్ పక్కనే కూర్చుని వీడియో చూసుకుంటోందని, జెర్లినే చూడలేక వెళ్లి తొడిగొచ్చింది.

"ఏంటి నర్సమ్మా, సమ్మె చేస్తున్నావా?" అన్నాడు లోలో అంబో. "మేమూ చేసేవాళ్లం సమ్మెలు. కానీ ప్యాసింజర్లని నడిదారిలో దింపేసి చెయ్యలేదు."

నాలుగు బల్లల వాళ్లూ ఇటు తిరిగారు. ఒకావిడ "పాపం తికాయ్" అని నిట్టూర్చింది. నీళ్ల జగ్గు పట్టుకుని వెళ్తున్న సిస్టర్ ఆగి, "జెర్లిన్, లోలాకి ఇంకా పెట్టలేదా? నువ్వేనా?" అంది. ఆ 'నువ్వేనా' జెర్లిన్‌కి గుచ్చుకుంది. చెయ్యి తొడకింద నుంచి దానంతటది బయటికొచ్చింది. మళ్లీ లోపలికి తోసింది. జావ మీద మీగడలా పొర కట్టింది. మళ్లీ చెయ్యి బయటికొచ్చింది. మళ్లీ తోసింది. మూడోసారి చెంచాదాకా వెళ్లి ఆగింది.

లోలా ఇంక నోరు తెరవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అరగంటకి వంటమనిషి వచ్చి, నిండు గిన్నె తీసుకుపోయింది. ఒంటిగంటకి మేడమ్ సియా ఒక గ్లాసు పాలు, గొట్టం వేసి పంపింది, ఆకలికి మాడ్చమని నేను చెప్పలేదన్న కబురుతో సహా. లోలా పాలు తాగింది, జెర్లిన్ వంక చూడకుండా.

మూడింటికి డ్యూటీ అయిపోయింది. వంటగదిలో పలహారానికి అరటిపళ్లు వేయిస్తున్న వాసన వస్తోంది. వరండా ఖాళీ అయింది, ముసలివాళ్లు గదుల్లో ఒక కునుకు తీస్తున్నారు. లోలా మాత్రం కుర్చీలోనే ఉంది.

రోజూ వెళ్లేముందు జెర్లిన్ లోలా దీవెన తీసుకుంటుంది. పెద్దవాళ్ల చెయ్యి తీసి నుదుటికి ఆనించుకోవడం, మాకు పుట్టిన దగ్గర్నుంచి ఉన్నదే. అసలు పద్ధతిలో చిన్నవాళ్లు తల వంచుతారు, పెద్దవాళ్లు చెయ్యి ఇస్తారు. జెర్లిన్ అంతదాకా రానిచ్చేది కాదు. లోలా ఒళ్లో పడుకున్న కుడిచేతిని మణికట్టు పట్టుకుని తనే పైకి తెచ్చుకుని, నుదుటికి తాకించుకుని, మళ్లీ జాగ్రత్తగా ఒళ్లో పెట్టేసేది. ఆరు వారాలు దీవెన కూడా తనే తీసేసుకుంది. ఈ సంగతి ఇప్పుడు వరండాలో నడిచొస్తుంటే తట్టింది.

లోలా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తల వంచింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"దీవించండి లోలా. వెళ్లొస్తాను."

ఏమీ కాలేదు. తల వంచుకునే ఉంది. గళ్ల పటాద్యోంగ్ అంచు, లోలా రబ్బరు చెప్పులు, నేలమీద మధ్యాహ్నపు జావ చుక్క ఒకటి ఎండిపోయి కనిపిస్తున్నాయి. మెడ నొప్పి పుట్టింది. ఈవిడకి కోపం తగ్గలేదు, లేద్దామా అనుకుంది. లేవలేదు. ఎంతసేపైందో గడియారం చూసుకోవడానికీ కుదరలేదు.

నుదుటికి ఏదో తగిలింది. వేళ్ల కణుపులు. చల్లగా, బరువుగా. ఆనుకుని, కొంచెం వణికి, అక్కడే నిలబడింది.



"దేవుడు చల్లగా చూడాలి," అంది లోలా. తర్వాత గొంతు తగ్గించి, "లేస్తుంది ఇందాయ్. నాకు తెలుసు లేస్తుందని. ఎవరికీ చెప్పకు."

జెర్లిన్ తలెత్తింది. చెయ్యి మెల్లగా ఒళ్లోకి జారింది. లోలా మొహంలో దొరికిపోయిన చిన్నపిల్ల సిగ్గు ఉంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ." లోలా కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "మా అమ్మ నాకు ఆరేళ్లప్పుడు పోయింది. తర్వాత నాకు అన్నం పెట్టిన చెయ్యి లేదు. తమ్ముళ్లకి నేను పెట్టాను, మొగుడు మంచం పడితే నేను పెట్టాను, మేనకోడలికి నేను పెట్టాను. మగ్గం మీంచి లేచి పెట్టి, మళ్లీ మగ్గం ఎక్కేదాన్ని. నువ్వొచ్చి, మా బంగారం కదూ, ఒక్క చెంచా అన్నావు. డెబ్భై అయిదేళ్ల తర్వాత ఒకరు నన్ను అలా అన్నారు. ఈ ఒక్కరోజుకి చెయ్యి నొప్పి అందాంలే అనుకున్నా. మర్నాడు కూడా అలాగే అనుకున్నా."

"అంటే మీరు కావాలనే..."

"మొదట్లో కావాలనే. దొంగాట. అయితే చూడు." లోలా పెదవి బిగించి చెయ్యి ఎత్తింది. ఒళ్లోంచి లేచింది, రొమ్ముదాకా వచ్చింది. అక్కడ ఆగి గడగడ వణికింది. మెడనరాలు పైకి తేలాయి. చెయ్యి ధబ్బున పడిపోయింది. "నోటిదాకా రాదు. వారం నుంచి నువ్వు లేనప్పుడు చూసుకుంటున్నాను. మొదట్లో వచ్చేది. ఇప్పుడు నిజంగానే రావట్లేదు. పడుగు వదిలేసిన మగ్గంలా అయింది. ఇప్పుడు భయమేస్తోంది."

తప్పంతా తనదనుకుని పొద్దుట్నుంచి కుమిలింది. సగం ఆవిడదని తెలిసినా బరువేం తగ్గలేదు, పైగా ఆవిడ మీద ప్రేమ ఇంకాస్త ఎక్కువైంది. ఇప్పుడు ఒక్క చెంచా తినిపించమంటే లేచి పరిగెత్తి జావ తెస్తుంది. అదే తన జబ్బని కూడా తెలుస్తోంది.

"మూడు రోజులుంది లోలా. రొమ్ముదాకా వచ్చింది కదా, ఇంక జానెడు దూరం. నేను రేపు పొద్దున్నే వస్తాను. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. ఎవరేమన్నా సరే."

"కూర్చోలేవు."

"కూర్చుంటాను."

"మధ్యాహ్నం మూడుసార్లు నీ చెయ్యి బయటికొచ్చింది. నేను కిటికీ అద్దంలో లెక్కపెట్టాను." లోలా నవ్వింది, కానీ కళ్లలో నీళ్లున్నాయి. "నిన్ను అనుకుని ఏం లాభం? నువ్వెదురుగా ఉంటే నా నోరే తెరుచుకుంటుంది. ముసలిదాన్నయ్యాక సిగ్గెక్కడిది."

లోలా కుర్చీకి కుడిపక్కన, తీగకి వేలాడుతున్న గంట బొత్తం వైపు చూసింది. తర్వాత కుడిచెయ్యి ఒళ్లోంచి జరిగింది, కుర్చీ చెయ్యి మీదికి పాకింది, తీగ దగ్గర తడబడింది. జెర్లిన్ చెయ్యి అప్పుడే సాయానికి లేచింది. "ఉండు," అంది లోలా. జెర్లిన్ చెయ్యి గాల్లోనే ఆగింది. లోలా వేలి కణుపుతో బొత్తం మీద ఆనించి, ఒంటి బరువంతా అటు వంచి నొక్కింది.

వరండా చివర ఎర్ర దీపం వెలిగింది. ఆరు వారాల్లో ఆ కుర్చీ దీపం వెలగడం అదే మొదలు. మేడమ్ సియా చేతిలో టీ కప్పుతోనే వచ్చేసింది.

"ఎవరు నొక్కారు?"

"నేనే," అంది లోలా.

మేడమ్ సియా బొత్తం వంక చూసింది, దుమ్ములో పడ్డ వేలి గుర్తు చూసింది, మోకాళ్ల మీదున్న జెర్లిన్‌ని చూసింది. "చెప్పండి లోలా."

"ఈ అమ్మాయిని మార్చెయ్యండి. రేపట్నుంచి నా దగ్గరికి రాకూడదు. శుక్రవారం దాకా ఈ ఛాయలకే రానివ్వకండి."

"లోలా..." అంది జెర్లిన్. లోలా ఇటు చూడలేదు. చూస్తే మాట మీద నిలబడలేనని ఆవిడకి తెలుసు.

మేడమ్ సియా టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. "మరి ఎవర్ని పంపమంటారు?"

"ఎవరైనా ఒకటే." లోలా చెయ్యి ఒళ్లో ఇంకా వణుకుతోంది. "నామీద బొత్తిగా ప్రేమ లేని పిల్లని చూడండి."

మేడమ్ సియా తల తిప్పి బయటికి చూసింది. గేటు దగ్గర భుజానికి సంచీ తగిలించుకుని, జీప్నీ కోసం ఎదురుచూస్తూ, ఫోనులో తల దూర్చి ఒక పిల్ల నిలబడి ఉంది.

"దోరెన్," అని పిలిచింది మేడమ్ సియా.

ఆ పిల్ల తల ఎత్తకుండానే, "ఊఁ?" అంది.